వాగుకు ఇవతలి సెంటర్ ఫీల్డర్

మా సబ్‌డివిజన్ కాలనీలో బేస్‌బాల్ పిచర్లకు, అంటే బంతి విసిరేవాళ్ళకు, కొదవ లేదు. దాదాపు ఇంటికొకడున్నాడు. తల్లిదండ్రులు ప్రైవేటు కోచ్‌లను పెట్టి మరీ తయారుచేస్తారు. సెంటర్ ఫీల్డ్‌కి మాత్రం ఎవరూ కోచింగ్ ఇప్పించరు. బ్యాట్ పట్టుకున్న పిల్లవాడికి సూటిగా ఎదురుగా, అందరికంటే దూరంగా, తల్లుల కెమెరాలకు కూడా అందని చోట నిలబడాలి. చాలాసేపు పనేమీ ఉండదు. ఉన్నట్టుండి బంతి ఆకాశంలోకి లేస్తుంది. అప్పుడు ఊరంతా నోరు తెరుచుకుని ఆ ఒక్క పిల్లవాడినే చూస్తుంది. అంత ఏకాంతమూ అంత పరువు సమస్యా ఒకే చోట ఉన్న ఉద్యోగం ఎవరికి కావాలి?

రెండువేల ఎనిమిది వేసవిలో మా ఊరి పన్నెండేళ్ళ పిల్లల జట్టుకు వచ్చిన కష్టం అదే. మాది అట్లాంటా దగ్గర, అల్ఫారెట్టాకి కాస్త పైన ఉన్న చిన్న ఊరు. జట్టు కోచ్ డేల్ మా ఎదురింటాయనే, చెయ్యి ఊపుకునేంత పరిచయం. పళ్ళ డాక్టరు. క్లినిక్‌లో ఎంత మెల్లగా మాట్లాడతాడో మైదానంలో అంత గట్టిగా అరుస్తాడు. అతనికి ఒకటే పంతం. జట్టులో ప్రతి ఒక్కరూ ఈ ఊరి నేల మీద పెరిగిన పిల్లలే కావాలి. ఎక్కడెక్కడివాళ్ళనో పోగుచేసుకుని గెలిస్తే అది గెలుపే కాదంటాడు. లీగ్ నిబంధన కూడా అదే. మా వీధి వెనక పారే సన్నటి వాగు సరిహద్దు. ఇవతల ఉన్నవి మా ఊరి ఇళ్ళు, అవతల ఉన్న అపార్ట్‌మెంట్లు వేరే ఊరివి.

ఆ నేల మీద పెరిగినవాళ్ళను డేల్ ఒక్కొక్కరినే సెంటర్ ఫీల్డ్‌లో నిలబెట్టి చూశాడు. మొదటివాడికి గడ్డి పడదు. సరిగ్గా బంతి కిందికి దిగే వేళకు తుమ్ముతాడు. రెండోవాడు అట్లాంటాకి దిగే విమానాలు చూస్తాడు. మూడోవాడికి బంతి మెడ కింద తగిలింది. వాడు మర్నాటి నుంచి చదరంగంలో చేరాడు.

ఇలాంటి సమయంలో డేల్ కంట నీహారిక పడింది.

నీహారిక మా గౌరి కూతురు. గౌరి నా స్నేహితురాలు, వాగు అవతలి అపార్ట్‌మెంట్లలో ఉంటుంది. వాళ్ళాయనకు మినియాపొలిస్‌లో ప్రాజెక్టు. ఆయన వారం విడిచి వారం వస్తాడు. గౌరి సిటీలో టెస్టింగ్ ఉద్యోగానికి పొద్దున్నే వెళ్తూ పిల్లను మా ఇంట్లో దింపి, సాయంత్రం ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చి తీసుకెళ్ళేది. వేసవి సెలవులంతా ఆ పిల్ల తిండీ ఆటా మా ఇంట్లోనే. మాకు పిల్లల్లేరు. ఈ మాట జాలి కోసం చెప్పడం లేదు. ముందు ముందు కథలో దీని అవసరం పడుతుంది.

ఇంట్లో మేము ముగ్గురం. మా ఆయన అమర్‌నాథ్, నేను, ఆరు నెలలు ఉండి వెళ్దామని సూర్యాపేట నుంచి వచ్చిన మా మామగారు తిరుపతయ్య. ఆయన ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరయ్యారు. ఎండ తగ్గాక నీహారికను వెంటబెట్టుకుని పార్కుకి వెళ్ళడం ఆయన డ్యూటీ. ఆయన బెంచీ మీద కూర్చుంటే, ఆ పిల్ల జట్టు ప్రాక్టీసు చేసే మైదానం కంచె బయట నిలబడి, దాటి వచ్చిన బంతులు పట్టి లోపలికి విసిరేది. బ్యాట్ చప్పుడు వినగానే వెనక్కి తిరిగి, బంతి వంక చూడకుండా పరుగెత్తేది. ఎక్కడో ఒకచోట ఆగి చెయ్యి చాపితే బంతి వచ్చి అందులో పడేది.

"ఎవరి పాప?" అని డేల్ కంచె దగ్గరికి వచ్చి అడిగాడట.

"మై గ్రాండ్‌డాటర్," అన్నారు మామగారు, ఛాతీ విరుచుకుని.

ఆయన లెక్కలో అది పచ్చి నిజం. గౌరి ఆయనకు కూతురి వరస. కూతురి కూతురు మనవరాలు కాక ఏమవుతుంది? డిపోలో కండక్టర్ల పిల్లలందరికీ ఆయన పెదనాన్నే. విమానం ఎక్కినంత మాత్రాన వరసలు మారిపోతాయా?

"మీ ఇంట్లోనే ఉంటుందా?"

"ఫుల్ డే అవర్ హౌస్ ఓన్లీ. ఈటింగ్, ప్లేయింగ్, ఎవ్రీథింగ్," అని మా ఇంటివైపు వేలు చూపించారు.

డేల్ ఆ సాయంత్రమే అట్ట మీద కాగితం బిగించుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. నేను గారెలు వేస్తున్నాను. అప్పటికే గౌరికి ఫోన్ చేస్తే, "ఆడనీవే రాధా, టీవీ ముందు కూర్చోడం కంటే నయం" అంది. డేల్ వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసేశాను. ఎమ్మే ఎకనామిక్స్ చదివినదాన్ని, చదవకుండా సంతకం పెట్టొద్దని ఊళ్ళో అందరికీ చెప్పేదాన్ని, చదవలేదు. పొయ్యి మీద నూనె పొగలొస్తోంది మరి.

ఆ తర్వాత జట్టు గెలవడం మొదలుపెట్టింది. నీహారిక దూరంగా ఆ పచ్చికలో చిన్న నీలం చుక్కలా నిలబడి ఉండేది. బంతి లేచిందంటే చాలు, పిచర్ల తల్లులు కూడా నిశ్చింతగా పాప్‌కార్న్ నమిలేవాళ్ళు. మామగారు ప్రతి క్యాచ్‌కీ లేచి, "నా మన్మరాలు! మై గ్రాండ్‌డాటర్!" అని చుట్టుపక్కలవాళ్ళ భుజాలు తట్టేవారు. డేల్ నన్ను చూసినప్పుడల్లా, "మీ అమ్మాయి అద్భుతం" అనేవాడు. మర్యాదకి అంటున్నాడనుకుని నవ్వి ఊరుకునేదాన్ని. వినడానికి బాగానే ఉండేది.

జిల్లా పోటీల్లో గెలిచి రాష్ట్ర పోటీలకు వెళ్ళబోతుండగా ఓడిపోయిన జట్టువాళ్ళు ఫిర్యాదు చేశారు. ఈ సెంటర్ ఫీల్డర్ మీ ఊరి పిల్లేనా అన్నది వాళ్ళ అనుమానం. డేల్ రోడ్డు దాటి వచ్చి, నవ్వుతూ చెప్పాడు. శనివారం మధ్యాహ్నం లీగ్ తరఫున ఒకావిడ మీ ఇంటికి వస్తుంది, పిల్ల గది చూపిస్తే చాలు, మామూలు తతంగమే అన్నాడు.

"గదా?" అన్నాను.

"ఆమె గది. మీరు తల్లి అని సంతకం పెట్టారు కదా, ఇంకేం ఇబ్బంది?"

అతను వెళ్ళాక తలుపు వేసి, ఆ తలుపుకే ఆనుకుని నిలబడ్డాను.

ఎందుకంత భయమంటే, ఆ వారమే మాకు గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇంటర్వ్యూ. మా ఆయన అప్పటికే హాల్లో అద్దం ముందు నిలబడి జవాబులు అప్పజెప్పుకుంటున్నాడు. అలాంటి మనిషికి, మెట్ల దగ్గర పట్టుకుని సంగతి చెప్పాను. నీహారిక పక్క గదిలో టీవీ చూస్తోంది.

"ఏ కాగితం మీద పెట్టావు?"

"బేస్‌బాల్ కాగితం."

"ఏమని?"

"తల్లి అని... అట."

అమర్‌నాథ్ మెట్టు మీద కూలబడ్డాడు. "మన అప్లికేషన్‌లో పిల్లలు ఎంతమంది అంటే సున్నా అని రాశాం కదే!"

"అవును. లేరు కదా."

"గవర్నమెంట్‌కి లేరు, బేస్‌బాల్‌కి ఉన్నారు! రేపు ఆఫీసర్ ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే?"

"వాళ్ళు బేస్‌బాల్ కాగితాలు కూడా చూస్తారా ఏంటండీ?"

"వాళ్ళు ఏం చూస్తారో ఎవడికి తెలుసు? మా ఆఫీసులో చక్రపాణిని ఇంటర్వ్యూలో ఎప్పటిదో పార్కింగ్ టికెట్ గురించి అడిగారు. అబద్ధం అని తేలితే అంతే రాధా. అప్లికేషన్ రిజెక్ట్. ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, పెట్టెలు సర్దుకుని పొమ్మంటారు. మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు."

మామగారు వంటింట్లోంచి తల బయటపెట్టారు. "ఏంది బిడ్డా, ఎవర్ని పొమ్మంటున్నరు?"

"మనల్నే నాయినా. నీ మనవరాలి వల్ల!"

"పిల్లనేమనకు. మన్మరాలన్నా. తప్పా? ఎవడన్న అడగనీ, మల్ల గదే చెప్త."

"అదే భయం," అన్నాడు అమర్‌నాథ్.

నిజం చెప్తే తప్పుడు సంతకం పెట్టినట్టు మేమే ఒప్పుకున్నట్టు. అబద్ధం చెప్తే ఇంకో అబద్ధం. ఎటు తిరిగినా ఆ కాగితం నాకు ఎదురుగానే ఉంది. ఆ వారమంతా మా వీధిలో ఏ కారు మెల్లగా వెళ్ళినా కర్టెన్ చాటుకు తప్పుకున్నాను. తెలియని నంబరు మోగితే ఫోన్‌ని దిండు కింద పెట్టాను. పోస్ట్‌మ్యాన్ నవ్వినా, ఇతనికి ఎవరు చెప్పారా అనిపించింది. ఆలోచిస్తే ఆ భయంలో అర్థం లేదని నాకూ తెలుసు. కానీ వీసా మీద బతికేవాళ్ళకు భయపడటం అలవాటు, ఆలోచించడం ఖాళీ దొరికినప్పుడు.

చివరికి అబద్ధమే నయమని తేల్చాం. మామగారు తన గదిని మనవరాలికి రాసిచ్చేశారు. పంచెలు, అమృతాంజనం సీసా, మఫ్లరు అన్నీ సూట్‌కేసులో కుక్కి మంచం కిందికి తోశారు. అమర్‌నాథ్ గులాబీ రంగు దుప్పటి కొనుక్కొచ్చాడు. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి కొత్త టూత్‌బ్రష్ ప్యాకెట్ విప్పాను. గ్లాసులో పెట్టబోతూ ఆగి, దాన్ని తడిపి, దాని కుచ్చు మరీ కొత్తగా కనిపించకుండా బొటనవేలితో నలిపాను. ఎవరూ చెప్పకుండానే ఆ పని నా చేతికి తోచింది. అద్దంలో నన్ను నేను చూసుకోలేకపోయాను. ఇంత బాగా చేయగలిగినదాన్ని ఆఫీసర్ ఎలా నమ్ముతాడు?

వెనక్కి తిరిగితే గుమ్మంలో నీహారిక.

"ఆంటీ, మిమ్మల్ని సెండ్ బ్యాక్ చేస్తారా? నా వల్ల?"

నా చేతిలోంచి బ్రష్ జారింది. "ఛ, ఎవరన్నారే?"

"అంకుల్. ఆ రోజు, స్టెప్స్ మీద."

ఇక్కడ పెరిగే పిల్లలకు తెలుగు అర్థం కాదని పెద్దలందరికీ ఒక ధైర్యం. జీతాలూ జబ్బులూ దెబ్బలాటలూ వాళ్ళ నెత్తిమీదే మాట్లాడేసుకుంటాం.

"నీకు అదంతా అర్థమైందా?"

"నాకు తెలుగు వస్తుంది ఆంటీ. మాట్లాడు రాదు, అంతే." ఆ పిల్ల బ్రష్ తీసి నా చేతికిచ్చింది. "ఇల్లు కూడా పోతుందా?"

"ఏమీ పోదు. నీకెందుకు ఇవన్నీ? నువ్వు బంతి చూసుకో."

ఆ పిల్ల నా ముఖంలోకి చాలాసేపు చూసింది. బంతి ఎక్కడ పడుతుందో చూడకుండానే తెలుసుకునే పిల్ల అది. నేను అబద్ధం చెప్తున్నానని తెలియదా?

శనివారం ప్రాక్టీసు ఉందని గౌరికి చెప్పి నీహారికను పిలిపించుకున్నాం. మధ్యాహ్నం కారు వచ్చి ఆగింది. దాని తలుపు మీద ప్రభుత్వ ముద్ర ఉంది. అది కౌంటీ నీళ్ళ శాఖ కారని, వచ్చినావిడకు అక్కడ ఉద్యోగమని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో ముద్ర అంటే ముద్రే. అమర్‌నాథ్ ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, ఇంటర్వ్యూ కోసం కొన్న బూట్లు ఇంట్లోనే వేసుకుని నిలబడ్డాడు.

ఆమె పేరు లొరెయిన్. అరవై ఏళ్ళుంటాయి. ఎండ టోపీ, మెడలో ఐడీ కార్డు, చేతిలో నేను సంతకం పెట్టిన ఆ కాగితం. మంచినీళ్ళిస్తే తాగింది. జంతికలు పెడితే, కారంగా ఉన్నా బాగున్నాయంటూ ఇంకోటి తీసుకుంది. ఇలా నవ్వుతూ తినేవాళ్ళే చివర్లో అసలు ప్రశ్న అడుగుతారని అమర్‌నాథ్ చెప్పి ఉన్నాడు. ఆమె ఒక్కో జంతిక కొరికినప్పుడల్లా నాకు లోపల ఏదో విరుగుతున్నట్టు అనిపించింది.

"షీ ఈజ్ మై గ్రాండ్‌డాటర్," అన్నారు మామగారు, ఎవరూ అడగకముందే.

పైకి వెళ్ళాం. గది చూసింది. గులాబీ దుప్పటి, దాని మీద గ్లవ్. బాత్రూమ్‌లోకి తొంగిచూసింది. బ్రష్ దాని చోట అది ఉంది. తర్వాత అలమారా తలుపు తీసింది. లోపల హ్యాంగర్‌కి ఒకే ఒక్కటి వేలాడుతోంది. మామగారి బూడిదరంగు సఫారీ సూటు. సర్దేటప్పుడు అది ఎవరికీ గుర్తు రాలేదు.

లొరెయిన్ సూటు వంక చూసింది. మా వంక చూసింది. చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. ముసలాయన బట్టలు ఇక్కడ పెట్టుకుంటారనో, ఇస్త్రీకనో. బ్రష్ నలిపిన బుర్ర ఆ ఒక్క క్షణం ఖాళీగా ఉండిపోయింది.

ఆమె నీహారిక ముందు వంగింది. "ఇది నీ మంచమేనా, స్వీటీ?"

నీహారిక నావైపు చూడలేదు. "నో మ్యామ్. తాతయ్యది. నేను వాగు అవతల ఉంటాను, మా అమ్మతో. ఇక్కడ లంచ్ తింటాను అంతే. ఆంటీకి ఆ కాగితంలో ఏముందో తెలీదు. ఆవిడ కుకింగ్ చేస్తోంది." ఇదంతా ఇంగ్లీషులో, పాఠం అప్పజెప్పినట్టు ఒక్క ఊపిరిలో చెప్పింది. ఎన్ని రోజుల నుంచి లోపల తిప్పుకుంటోందో.

"నో నో, చైల్డ్ జోకింగ్..." అంటున్న మామగారి చెయ్యి అమర్‌నాథ్ పట్టుకున్నాడు.

లొరెయిన్ నిట్టూర్చి కాగితం మీద ఏదో రాసుకుంది. రాష్ట్ర పోటీల్లో ఈ పాప ఆడటానికి వీల్లేదని, జట్టు ఈ ఊరి పిల్లలతోనే వెళ్ళాలని, డేల్‌కి ఒక హెచ్చరిక ఉంటుందని చెప్పింది. నేను ఇక ఆగలేక అడిగేశాను.

"ఇది... ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి పంపుతారా?"

"ఏది?"

"ఆ కాగితం. నేను తల్లినని సంతకం పెట్టాను. అబద్ధం కదా."

ఆమె నవ్వబోయి, మా ముగ్గురి ముఖాలూ చూసి ఆగిపోయింది. "హనీ, ఇది పిల్లల బేస్‌బాల్. దీన్ని మా లీగ్ ప్రెసిడెంట్‌కి తప్ప ఎవరికీ పంపను. ఆయన కూడా చదవడు. మీకు ఎవరూ ఏమీ చెయ్యరు."

అమర్‌నాథ్ ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. అప్పుడు నీహారిక నా చున్నీ పట్టుకుని లాగింది.

"ఆంటీ," అంది తెలుగులో, ఆ పెద్దావిడకు అర్థం కాకుండా. "సో, మిమ్మల్ని పంపరా?"

"పంపరమ్మా."

"ఎప్పుడూ పంపరా?"

"దీని గురించి పంపరు."

"అయితే నేను చెప్పింది వెనక్కి తీసుకోవచ్చా?"

"ఏమంటోంది?" అని లొరెయిన్ అడిగింది.

ఎన్నడూ అంత చిన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి అంత కష్టపడలేదు. చెప్పాను. లొరెయిన్ టోపీ తీసి, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "సారీ బేబీ, కుదరదు" అంది. ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. నీహారిక తల ఊపింది. జెర్సీ ఉతికి ఇవ్వాలా, అలాగే ఇచ్చేయొచ్చా అని అడిగింది.

ఆ సాయంత్రం గౌరికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "పిల్లకి అంత భయం పెట్టారా మీరు?" అని మాత్రం అంది. వాళ్ళ ఊరి జట్టులో చేర్పిద్దామా అన్నాను. అది వేసవి మొదట్లోనే కనుక్కుందట. వాగు అవతల సెంటర్ ఫీల్డ్‌కి ముగ్గురున్నారట.

సోమవారం పొద్దున్న కిటికీ దగ్గర నిలబడ్డాను. ఇంటర్వ్యూ భయం ఇప్పుడు చిన్నదైపోయింది. గౌరి కారు వాగు మీద వంతెన దాటి వస్తుందో రాదో అన్న భయం దాని చోట్లో కూర్చుంది. వచ్చింది. నీహారిక దిగి, ఎప్పటిలాగే చెప్పులు గుమ్మం పక్కన విడిచి, లోపలికొచ్చి పెసరట్టు తింది. నాతో తగువు పెట్టుకుంటుందేమో, ఏడుస్తుందేమో అని చూశాను. అలాంటిదేమీ లేదు. రెండో పెసరట్టు వేస్తుండగా, "ఆదివారం మ్యాచ్‌కి వెళ్దామా ఆంటీ?" అంది.

"ఎందుకే? నువ్వు ఆడవు కదా."

"చూడాలి."

ఆ జనంలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు. కానీ ఆ పిల్ల ఏదైనా అడిగితే కాదనే హక్కు ఆ శనివారంతో నాకు పోయింది.

ఆదివారం మైదానం పక్క మెట్ల మీద పై వరసలో కూర్చున్నాం. మామగారు సఫారీ సూటు వేసుకున్నారు గానీ నోరు విప్పలేదు. పిచర్ల తల్లులు మా వంక చూసి, చూడనట్టు తిరిగారు. దూరంగా సెంటర్ ఫీల్డ్‌లో గడ్డి పడని పిల్లవాడు నిలబడి ఉన్నాడు. ఇక్కడికి వినిపించేంత గట్టిగా తుమ్ముతున్నాడు.

నీహారిక అక్కడ నిలబడిన రోజుల్లో బంతి పైకి లేస్తే నాకెప్పుడూ భయం వేయలేదని అప్పుడు గమనించాను. ఇప్పుడు ప్రతి బంతికీ అటు వెళ్ళకు, అటు వెళ్ళకు అని మనసులో మొక్కుకున్నాను. ఆరు ఇన్నింగ్సుల ఆటలో మొదటి రెండింటి వరకూ నా మొక్కు చెల్లింది.

తర్వాత ఆ బ్యాట్ చప్పుడు వచ్చింది. నీహారిక లేచి నిలబడింది. ఆమె తల బంతి వైపు తిరగలేదు, సూటిగా ఆ పిల్లవాడి వైపు తిరిగింది. "బ్యాక్! గో బ్యాక్!" అని అరిచింది. వాడు ముందుకు పరుగెత్తాడు. బంతి వాడి టోపీ మీదుగా, చాలా తీరిగ్గా, వెనక్కి పోయి పచ్చికలో పడింది. వాడు దాని వెంట పడి, పట్టుకోబోయి, తుమ్మాడు.

మా ముందు వరసల్లో తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. అటు డేల్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని మా వైపే చూస్తున్నాడు. నీహారిక మెల్లగా కూర్చుంది. నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా. ఇన్నాళ్ళూ ఈ పిల్లకు భయమే తెలియదనుకున్నాను.

"మళ్ళీ అటే కొడతారు ఆంటీ," అంది. "వాళ్ళకి తెలిసిపోయింది."

"ఇంకా ఎంతసేపుందే?"

"చాలా ఉంది," అంది నీహారిక, మైదానం మీంచి కళ్ళు తిప్పకుండా.